చూడ్డానికొచ్చినవాడి చేతికి గరిటె

ముందుగా ఒక గమనిక: ఇది సాఫ్ట్‌వేర్ గొడవ. ఆ రంగంలో లేనివాళ్ళకి కూడా అర్థమయ్యేలా రాద్దామనే నా ప్రయత్నం. మధ్యలో విసుగొస్తే ఆఖరి నాలుగు పేరాలు చదివి వెళ్ళిపోండి, ఏమీ అనుకోను :)

2024 సెప్టెంబర్ నెలాఖరు. పొద్దున్న ఆరు దాటింది. నేనింకా నిద్రలోనే ఉన్నా, ఫోన్ మోగింది. మా కస్టమర్లలో ఒకాయన జీతాల లెక్కలు వేసే ప్రోగ్రాం మా దగ్గర నడుపుతాడు. రాత్రి పదింటికి మొదలుపెడితే తెల్లారుజామున మూడు గంటలకల్లా అయిపోవాలి. ఆరింటికి బ్యాంకుకి ఫైలు వెళ్ళాలి. ఆరోజు వెళ్ళలేదు. ఎందుకంటే ఆ ప్రోగ్రాం రాత్రి ఒంటిగంటా నలభైకి చచ్చిపోయి, మళ్ళీ తనంతట తనే లేచి, మొదట్నించీ లెక్కలు మొదలుపెట్టింది. పాపం దానికేం తెలుసు.

కస్టమర్ తన లాగ్ ఫైలు పంపాడు. అందులో ఆఖరి లైనులో కీబోర్డ్ ఇంటరప్ట్ అని ఉంది. దాని కింద ఆయన ఒకే ఒక్క ప్రశ్న రాశాడు. "రాత్రి ఒంటిగంటన్నర దాటాక మా కంటైనర్ ముందు కీబోర్డ్ పెట్టుకుని కూర్చున్నది ఎవరండీ?"

ఆ ప్రశ్నకి సమాధానం చెప్పడానికే ఈ సోదంతా.

కంటైనర్ అంటే తెలియనివాళ్ళకి టూకీగా చెప్తా. ఒకే లినక్స్ యంత్రాన్ని గదులు గదులుగా విడగొట్టి, ఒక్కో గదిలో ఒక్కో ప్రోగ్రాంని కూర్చోబెట్టడం. లోపలున్న ప్రోగ్రాంకి మాత్రం యంత్రమంతా తనదే అనిపిస్తుంది. పక్క గదిలో ఎవరున్నారో దానికి కనపడదు. 2008 లో ఎల్ఎక్స్‌సీ వచ్చింది, 2013 లో డాకర్ వచ్చాక అందరికీ పాకింది. మేం చేసేది ఈ గదులు అద్దెకివ్వడం. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ. నేను అందులో ఏపీఐలు రాస్తుంటా, అంటే వేరే ప్రోగ్రాంలు మా ప్రోగ్రాంని ఏమడగొచ్చో, ఎలా అడగాలో నిర్ణయించే పని.

కన్సోల్ అనేది ఇంకా పాత మాట. కంప్యూటర్ ముందు పెట్టిన తెర, కీబోర్డు. అంతకు ముందైతే టెలిటైప్ అనే టైపు మిషను. లినక్స్‌లో ఇప్పటికీ టీటీవై అని పిలుస్తున్నది ఆ టెలిటైప్ పేరునే. 1978 లో వచ్చిన వీటీ-100 అనే టెర్మినల్‌లో 80 నిలువు వరసలు, 24 అడ్డ వరసలు ఉండేవి. ఇవాళ మీరు ఏ టెర్మినల్ కిటికీ తెరిచినా చాలాసార్లు అదే 80, 24 కనిపిస్తాయి. నలభై ఏళ్ళ క్రితం పోయిన పెద్దాయన కొలతలకే ఇంకా చొక్కాలు కుట్టిస్తున్నాం అన్నమాట.

కంటైనర్‌కి తెరా లేదు, కీబోర్డూ లేదు. కానీ లోపల ఏం జరుగుతోందో మనిషికి చూడాలనుంటుంది, అప్పుడప్పుడు చెయ్యి పెట్టాలనీ ఉంటుంది. అందుకని ఉత్తుత్తి టీటీవై ఒకటి తయారుచేసి, దాని రెండో కొసని నెట్‌వర్క్ మీదుగా మనిషి బ్రౌజర్ దాకా లాక్కొస్తాం. ఈ లాక్కురావడానికి ఒక ఏపీఐ కావాలి. రెండేళ్ళ క్రితం అది రాసింది నేనే.

ఒక్క మధ్యాహ్నంలో రాసేశా. ఒకటే అడ్రసు, ఒకటే వెబ్‌సాకెట్, అటు బైట్లు ఇటు, ఇటు బైట్లు అటు. అప్పట్లో దాన్ని చూసుకుని నేను మురిసిపోయిన మురిపెం అంతా ఇంతా కాదు. పైగా అందులో ఒక తెలివి కూడా పెట్టా. కంటైనర్‌కి టీటీవై ఉంటే నేరుగా నడుస్తున్న ప్రోగ్రాం ముందు కూర్చోబెట్టడం, లేకపోతే లోపల కొత్త షెల్ ఒకటి తెరిచి ఇవ్వడం. వాడేవాడు ఏమీ ఆలోచించక్కర్లేదు, "కన్సోల్" అని ఒక్క మీట నొక్కితే చాలు. ఎంత సుఖం!

ఇప్పుడు ఆ రాత్రికొద్దాం.

మా సపోర్ట్ టీంలో ఒక కుర్రాడు. ఇరవై రెండేళ్ళుంటాయి, చేరి నాలుగు నెలలు, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాడు. ఆ రాత్రి డ్యూటీ అతనిది. "ప్రోగ్రాం నెమ్మదిగా నడుస్తున్నట్టుంది, ఒకసారి చూడండి" అని ఆ కస్టమర్ నుంచే టికెట్ వచ్చింది. కుర్రాడు కన్సోల్ మీట నొక్కాడు. లెక్కలు కదులుతూనే ఉన్నాయి. బాగానే ఉంది అనుకున్నాడు. బయటికి రావడానికి కంట్రోల్-సి కొట్టి, ట్యాబ్ మూసేసి, "అంతా సవ్యంగానే ఉందండీ" అని టికెట్‌లో జవాబు రాశాడు. రాసేసరికి ప్రోగ్రాం చచ్చిపోయి ఉంది.

"అన్నా, నేనేం చెయ్యలేదన్నా. చూసి బయటికొద్దామని కంట్రోల్-సి కొట్టా, అంతే. రోజూ అలాగే చేస్తాగదన్నా" అన్నాడు పొద్దున్న. గొంతు వణుకుతోంది.

అతను చెప్పింది నిజమే. అంతకుముందు అతను తెరిచిన కన్సోళ్ళలో ఎక్కువభాగం టీటీవై లేని కంటైనర్లవి. వాటికి నా "తెలివి" కొత్త షెల్ తెరిచిచ్చేది. అక్కడ కంట్రోల్-సి కొడితే ఏమీ కాదు, షెల్ ఇంకో లైను వేసి ఊరుకుంటుంది. ఈ కస్టమర్ టీటీవై పెట్టుకున్నాడు. ఇక్కడ అదే మీట, అదే నల్ల తెర, కానీ కూర్చున్నది నడుస్తున్న ప్రోగ్రాం నెత్తిమీద. కంట్రోల్-సి అంటే నెట్‌వర్క్ మీద వెళ్ళేది 3 అనే ఒక్క బైటు. అది టీటీవైకి చేరితే కెర్నెల్ దాన్ని ఆపమనే సంకేతంగా మార్చి, ముందు వరసలో ఉన్న ప్రోగ్రాంకి అందిస్తుంది. ఒక్క బైటు! ఐదు గంటల లెక్క.

మరి నేను పరీక్షించలేదా అంటే, పరీక్షించా. అదే ఇంకా సిగ్గుచేటు. నా టెస్ట్ కంటైనర్‌లో మొదటి ప్రాసెస్‌గా స్లీప్ అనే బుల్లి కమాండు పెట్టుకున్నా. కంటైనర్ లోపలి మొదటి ప్రాసెస్‌కి, అంటే పిడ్ నంబర్ 1 కి, లినక్స్ ఒక మినహాయింపు ఇస్తుంది. ఆ సంకేతాన్ని అందుకోవడానికి అది తనంతట తను ఏర్పాటు చేసుకుని ఉండకపోతే, లోపల్నించి వచ్చే ఆపమనే సంకేతం దాన్ని తాకదు. స్లీప్ అలాంటి ఏర్పాటేమీ చేసుకోదు. కాబట్టి నేను ఎన్నిసార్లు కంట్రోల్-సి కొట్టినా అది చెక్కుచెదర్లేదు. "ఆహా, కన్సోల్ వల్ల కంటైనర్‌కి ప్రమాదం లేదు" అని రాసేసుకున్నా. కస్టమర్ ప్రోగ్రాం పైథాన్‌లో ఉంది. పైథాన్ మొదలవుతూనే ఆ సంకేతానికి ఏర్పాటు చేసుకుంటుంది. అందుకే అది అందింది, కీబోర్డ్ ఇంటరప్ట్ అని అరిచి పడిపోయింది.

పదకొండింటికి మీటింగు. అప్పటికే కాగితం తయారైపోయింది. కారణం అన్నచోట రెండే మాటలు. మానవ తప్పిదం. పరిష్కారం అన్నచోట సపోర్ట్ టీంకి శిక్షణ అని రాశారు. కుర్రాడు తలొంచుకుని కూర్చున్నాడు. నేను అతని ఎదురుగా కూర్చున్నా. ఆ మీట వెనక ఏముందో ఆ గదిలో నాకొక్కడికే పూర్తిగా తెలుసు.

నేనేమీ మాట్లాడలేదు.

ఎందుకు మాట్లాడలేదంటే నిజాయితీగా చెప్తా. అప్రైజల్ నెల దగ్గరకొస్తోంది. పైగా అబద్ధం ఎవరూ చెప్పట్లేదుగా, కంట్రోల్-సి కొట్టింది అతనేగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. ఇంజినీర్లకి ఈ విద్య బాగా వచ్చు. ప్రతి వాక్యం విడిగా నిజంగానే ఉంటుంది, అన్నీ కలిపితే అబద్ధమవుతుంది.

ఆ రాత్రి నిద్రపట్టక గేట్‌వే లాగులు తిరగేస్తుంటే ఒకటి కనపడింది. కుర్రాడి పాత్రకి మా సిస్టంలో ఉన్న అనుమతి "చదవడం" మాత్రమే. రాసే అనుమతి లేదు. కంటైనర్ ఆపలేడు, పేరు కూడా మార్చలేడు. మరి బైటు ఎలా పంపాడు?

ఇక్కడే కథ ఉంది. వెబ్‌సాకెట్ అనేది మామూలు హెచ్‌టీటీపీ విన్నపంగానే మొదలవుతుంది. 2011 నాటి దాని ప్రమాణం ప్రకారం ఆ విన్నపం గెట్ అయి ఉండాలి. గెట్ అంటే వెబ్ మర్యాదలో "చూపించు" అని, పోస్ట్ అంటే "ఇది చెయ్యి" అని. మా గేట్‌వే ఆ మర్యాదని నమ్ముకునే గెట్ వస్తే చదివే అనుమతి చాలు, పోస్ట్ వస్తే రాసే అనుమతి కావాలి అని లెక్కగడుతుంది. నా కన్సోల్ గెట్‌తో వచ్చింది. గేట్‌వే "చూడ్డానికొచ్చాడు, పోనీ" అని తలుపు తీసింది. లోపలికెళ్ళాక అది రెండువైపులా నడిచే గొట్టం అయింది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్నవాడి చేత రాయించింది నా డిజైను.

ఈ గుంటలో పడ్డది నేనొక్కణ్ణే కాదు. కుబెర్నెటీస్‌లో కంటైనర్ లోపల కమాండు నడపడానికి ఎక్జెక్ అని ఉంది. పాత పద్ధతిలో స్పీడీ అనే ప్రోటోకాల్ మీద పోస్ట్‌తో వెళ్ళేది, దానికి "సృష్టించే" అనుమతి కావాలి. అదే ఎక్జెక్‌ని వెబ్‌సాకెట్ మీద అడిగితే గెట్ అవుతుంది కాబట్టి "చూసే" అనుమతి సరిపోయేది. 2024 ఆగస్టులో వచ్చిన 1.31 నుంచి వాళ్ళ కమాండు మామూలుగానే వెబ్‌సాకెట్ వాడటం మొదలుపెట్టింది. తర్వాతి వెర్షన్లలో, ఏ దారిన వచ్చినా సృష్టించే అనుమతి ఉండాల్సిందే అని బిగించారు. ప్రపంచంలో ఇంతమంది వాడే సాఫ్ట్‌వేర్‌లోనే ఇది జరిగిందంటే నాకు కొంచెం ఊరట, ఎక్కువ భయం.

మర్నాడు పొద్దున్నే ఆ కాగితం నేనే తిరగరాశా. కారణం: కన్సోల్ ఏపీఐ డిజైన్. రాసింది: నేను. మా మేనేజర్ చదివి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నిన్న ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

సరే, ఇప్పుడు అసలు విషయం. ఏం తప్పు చేశాను, ఎలా చెయ్యాల్సింది?

పెళ్ళివారింట్లో వంటశాల ఊహించుకోండి. అక్కడికి మూడు రకాల మనుషులొస్తారు. ఒకడు వంట ఎంతవరకొచ్చిందో చూసి పోదామని వస్తాడు. ఇంకొకడు వంటాయన్ని పక్కకి జరిపి తనే గరిటె పట్టుకుని పులుసు కలుపుతాడు. మూడోవాడు పక్కన వేరే పొయ్యి వెలిగించుకుని, అవే సరుకులతో కాఫీ పెట్టుకుంటాడు. ముగ్గురూ ఒకే గుమ్మంలోంచి వస్తారు నిజమే, కానీ ముగ్గురి పనీ ఒకటి కాదు. నేను ముగ్గురికీ కలిపి "వంటశాల" అని ఒకే బోర్డు పెట్టి, లోపలికొచ్చిన ప్రతివాడి చేతికీ గరిటె ఇచ్చా. అప్పుడప్పుడు, నా తెలివి వల్ల, వేరే పొయ్యి ఇచ్చా. ఎప్పుడు ఏదిచ్చానో వచ్చినవాడికి చెప్పలేదు. తర్వాత పులుసులో ఉప్పెక్కువైతే గరిటె పట్టుకున్నవాణ్ణి తిట్టాం.

అప్పటికే పెద్దవాళ్ళు వేరు చేసి పెట్టారు. నేనే చదువుకోలేదు. డాకర్‌లో లాగ్స్, అటాచ్, ఎక్జెక్ అని మూడూ వేరు. అటాచ్‌లో కూడా ఇన్‌పుట్ వద్దు, చూపు మాత్రమే చాలు అని అడగొచ్చు. ఎల్ఎక్స్‌డీలో కన్సోల్ వేరు, ఎక్జెక్ వేరు. కన్సోల్‌ని గెట్‌తో అడిగితే ఇప్పటిదాకా తెర మీద పడింది మాత్రం ఇస్తుంది. ముందు కూర్చోవాలంటే పోస్ట్ చెయ్యాలి. ఆ పోస్ట్‌కి జవాబుగా ఒక రహస్య సంఖ్య వస్తుంది, అది చూపించి వెబ్‌సాకెట్ తెరవాలి. మొదటిసారి చూసినప్పుడు "ఒక్క తలుపుకి రెండు తాళాలెందుకు, చాదస్తం కాకపోతే" అనుకున్నా. ఆ చాదస్తమే నా కుర్రాణ్ణి కాపాడి ఉండేది. అనుమతి పరీక్ష జరిగేది పోస్ట్ దగ్గర. తర్వాత వచ్చే గెట్ ఉత్త గొట్టం తగిలించడం మాత్రమే.

కొత్త డిజైన్‌లో మేం చేసింది ఇది.

మొదటిది, చూడటం. ఒక మామూలు గెట్. ప్రతి కంటైనర్ తెర మీద పడిన ఆఖరి 256 కిలోబైట్లు ఒక రింగ్ బఫర్‌లో ఉంచుతాం. నిండితే పాతది పోయి కొత్తది వస్తుంది. ఇలా మెమరీలో ఉంచే పద్ధతి ఎల్ఎక్స్‌సీలో 2018 నాటి 3.0 తో వచ్చింది. దీనివల్ల ఇంకో లాభం: కంటైనర్ పోయాక కూడా అది ఆఖర్న ఏమందో చదవచ్చు. పాత డిజైన్‌లో ఎవరైనా కూర్చుని చూస్తుంటేనే మాటలు అందేవి, ఎవరూ లేనప్పుడు చచ్చిపోతే అనాథ చావే. ఆలోచిస్తే సపోర్ట్ వాళ్ళకి ఎక్కువసార్లు కావలసింది ఇదొక్కటే. వాళ్ళకి కన్సోల్ అక్కర్లేదు, కన్సోల్ మీద ఏముందో తెలిస్తే చాలు. కదులుతున్నది చూడాలంటే ఇదే దారిలో వెబ్‌సాకెట్ ఉంది, కానీ ఒకవైపే నడుస్తుంది. ఇటునుంచి వచ్చే బైట్లని సర్వరు చదివి పారేస్తుంది. బ్రౌజర్‌లో కీబోర్డు మూసెయ్యడం కాదు, సర్వర్ దగ్గరే పారెయ్యడం. తేడా గమనించగలరు.

రెండోది, కూర్చోవడం. పోస్ట్. రాసే అనుమతి కావాలి. ఎందుకు అన్నది ఒక వాక్యంలో రాయాలి. జవాబుగా వచ్చే రహస్యం ముప్పై సెకన్లు, ఒక్కసారే పనిచేస్తుంది. అలా ఎందుకంటే బ్రౌజర్లలో వెబ్‌సాకెట్ తెరిచేటప్పుడు మనకిష్టమొచ్చిన హెడర్లు పెట్టుకోనివ్వరు. దాంతో చాలామంది అసలు లాగిన్ టోకెన్‌నే అడ్రసులో ఇరికిస్తారు, అది వెళ్ళి దారిలో ఉన్న ప్రతి సర్వర్ లాగులోనూ పడుతుంది. ఒక్కసారికి మాత్రమే పనికొచ్చే రహస్యం పడినా నష్టం లేదు. ఇంకో మాట, వేరే సైటు నుంచి వచ్చే వెబ్‌సాకెట్‌ని బ్రౌజర్ దానంతటది ఆపదు. ఎక్కడినుంచి వచ్చిందో సర్వరే చూసుకోవాలి. చూసుకుంటున్నాం. ఒక కంటైనర్ ముందు ఒకేసారి ఒక్కడే కూర్చోగలడు, అతని పేరు చూస్తున్న అందరికీ కనపడుతుంది.

మూడోది, వేరే పొయ్యి. ఇదీ పోస్టే, ఏ కమాండు నడపాలో చెప్పాలి. దీనికి సొంత టీటీవై ఉంటుంది కాబట్టి కంట్రోల్-సి దానికే తగులుతుంది. అయిపోయాక గెలిచిందా ఓడిందా అన్న కోడు కూడా వస్తుంది. కనెక్షన్ తెగితే ఆ కమాండుని ముగించేస్తాం. కూర్చోవడంలో మాత్రం కనెక్షన్ తెగితే ఏమీ జరగకూడదు. మనిషి లేచి వెళ్ళిపోయినంత మాత్రాన వంట ఆగదుగా. ఒకే ఏపీఐలో ఈ రెండు నియమాలూ ఇమడవు. నేను ఇమిడ్చానని అనుకున్నా.

ఇవన్నీ అయ్యాక కూడా ఒక చిక్కు మిగిలింది. కూర్చున్నవాడు లేవడం ఎలా? డాకర్‌లో కంట్రోల్-పి, కంట్రోల్-క్యూ వరసగా కొట్టాలి. ఎల్ఎక్స్‌డీలో కంట్రోల్-ఎ, తర్వాత క్యూ. ఎవరికి గుర్తుంటాయండీ ఇవి? పైగా షెల్‌లో కంట్రోల్-పి అంటే ఇంతకుముందు కొట్టిన కమాండు తెమ్మని. దానికీ దీనికీ తగువు. కుర్రాడు కంట్రోల్-సి కొట్టింది తెలివితక్కువై కాదు. నేను లోపలికి రావడానికి మీట పెట్టి, బయటికెళ్ళడానికి పెట్టలేదు. మీట లేనిచోట మనిషి తనకి తెలిసిన మీట నొక్కుతాడు. ఇప్పుడు తెర పైన "లేచి వెళ్తున్నా" అని పెద్ద మీట ఉంది. ట్యాబ్ మూసినా అదే అర్థం.

కిటికీ కొలతల సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. మనిషి తన కిటికీని పెద్దది చేస్తే ఆ కబురు లోపలి టీటీవైకి చేరాలి. ఇది మామూలు బైట్ల మధ్యలో కలపకూడదు, కలిపితే ఏది మాట, ఏది కొలత అన్న గందరగోళం. డాకర్ దీనికి వేరే విన్నపం పెట్టింది. కుబెర్నెటీస్ ఒకే గొట్టంలో అంకెలేసిన పాయలు పెట్టి నాలుగో పాయని దీనికిచ్చింది. ఎల్ఎక్స్‌డీ ఇంకో వెబ్‌సాకెటే ఇచ్చింది. మేం పాయల పద్ధతి తీసుకున్నాం. కాకపోతే కొలత మార్చే హక్కు కూర్చున్నవాడిదే. లేకపోతే ఎవడో ఆటోలో వెళ్తూ ఫోన్లో చూసినందుకు, ఇక్కడ కూర్చున్నవాడి తెర ముప్పై అక్షరాలకి కుంచించుకుపోతుంది. చూసేవాడి చూపు కూడా దేన్నీ కదపకూడదు మరి.

కొత్తది పెట్టిన వారానికి అదే కస్టమర్ నుంచి ఇంకో ఫిర్యాదు. చూస్తూ ఉంటే మధ్యలో తెగిపోతోందట. మా దగ్గర ఎంత చూసినా తెగదు. చివరికి తేలిందేంటంటే ఆయన ప్రోగ్రాం ఉద్యోగుల పేర్లు తెలుగులో అచ్చువేస్తుంది! యూటీఎఫ్-8 లో ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటు, తెలుగులో ప్రతి సంకేతానికీ మూడు. "కృష్ణ" అనే పేరులో క, ఋత్వం, ష, పొల్లు, ణ అని ఐదు సంకేతాలు, మొత్తం పదిహేను బైట్లు. మేం బైట్లని ముక్కలుగా కోసి పంపుతాం, ఆ కోత ఎక్కడో "ష" నడిమికి పడుతుంది. మేమేమో వాటిని వెబ్‌సాకెట్‌లో పాఠ్యం అని చెప్పి పంపుతున్నాం. పాఠ్యం అన్నాక యూటీఎఫ్-8 తప్పుగా ఉంటే కనెక్షన్ తెంచెయ్యాలని ప్రమాణమే చెబుతోంది. బ్రౌజర్ చెప్పినట్టే చేసింది. పాఠ్యం కాదు, ఉత్త బైట్లు అని మార్చాం, సరిపోయింది. రింగ్ బఫర్ మొదట్లో సగం తెగిన అక్షరం ఉంటే ఆ తునకలు వదిలేసి, తర్వాతి పూర్తి అక్షరం నుంచి ఇస్తున్నాం.

మా టీంలో ఏడుగురం, ఆరుగురి మాతృభాష తెలుగు. టెస్టుల్లో ఒక్క తెలుగు అక్షరం లేదు. నా స్లీప్ కంటైనర్‌కీ దీనికీ తేడా ఏముంది చెప్పండి? రెండుచోట్లా మేం కస్టమర్‌ని వదిలేసి, మాకు వీలైనదాన్ని పరీక్షించుకున్నాం. ఇప్పుడు టెస్టుల్లో పైథాన్ కూడా ఉంది, కృష్ణ కూడా ఉన్నాడు.

మీటింగుల్లో ఒకాయన అన్నాడు, "ఇంత అవసరమా? 'మీరు నిశ్చయంగానే చేస్తున్నారా' అని ఒక పాపప్ పెడితే పోయేదిగా" అని. పోయేది కాదు. పాపప్ అంటే డిజైన్ చెయ్యాల్సినవాడు తన పని వాడేవాడి నెత్తిన వేసి, వాడి చేత సంతకం పెట్టించుకోవడం. రోజుకి నలభైసార్లు "అవును" నొక్కేవాడు నలభై ఒకటోసారి కూడా అదే నొక్కుతాడు. అప్పుడు కాగితంలో "మానవ తప్పిదం, హెచ్చరించినా వినలేదు" అని ఇంకో వాక్యం చేరుతుంది, అంతే.

శిక్షణ మాట కూడా అంతే. శిక్షణ వద్దనను. కానీ ఒక మీట ఎప్పుడు ఏం చేస్తుందో గుర్తుపెట్టుకోవడం నేర్పించాల్సి వచ్చిందంటే తప్పు మీటలో ఉంది. ఏపీఐకి పేరు పెట్టడం అంటే చిన్న పని అనుకుంటాం. చూడటం, కూర్చోవడం, కొత్తగా మొదలెట్టడం, ఈ మూడింటికీ మూడు పేర్లుండి ఉంటే, అనుమతులు వాటంతటవే మూడుగా విడిపోయేవి. అవి విడిపోయి ఉంటే ఆ రాత్రి కంట్రోల్-సి గాల్లో కలిసిపోయేది. జీతాలు వేళకి పడేవి. నేను ఆ మీటింగులో నోరు మూసుకుని కూర్చోవాల్సి వచ్చేది కాదు.

ఆ కుర్రాడి సంగతి అడుగుతారని తెలుసు. కాగితం మార్చా, నా పేరు రాశా, బానే ఉంది. కానీ మొదటి మీటింగు అయిన సాయంత్రమే అతని ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగిస్తూ ఉత్తరం వెళ్ళిపోయింది. నేనూ, మా మేనేజరూ అడిగినా వెనక్కి తీసుకోలేదు. పద్ధతి ఒప్పుకోదట. ఒక్కరోజు ముందు నోరు తెరిచి ఉంటే ఆ ఉత్తరం వెళ్ళేది కాదేమో. మూడు నెలల తర్వాత అతని ఉద్యోగం ఖాయమైంది. ఇప్పటికీ అన్నా అనే పిలుస్తాడు. కొత్త తెర చూపించినప్పుడు పైనున్న "లేచి వెళ్తున్నా" మీట చూసి నవ్వి, "ఇది నాకోసమే పెట్టావు కదన్నా" అన్నాడు. అవునన్నా.

మీరూ ఇలాంటివి రాసేవాళ్ళైతే, ఈసారి ఏ కాగితంలోనైనా "మానవ తప్పిదం" అన్న మాట కనపడినప్పుడు ఒక్కసారి ఆగి, ఆ మనిషి చేతికి గరిటె ఇచ్చిందెవరో చూడండి.

తా.క.: కస్టమర్ అడిగిన ప్రశ్నకి ఆఖరికి నేనే జవాబు రాశా. "కూర్చున్నది మా సపోర్ట్ అబ్బాయి. ఆ కీబోర్డు అక్కడ పెట్టింది మాత్రం నేను" అని. ఆయన ఒక్క ముక్కే తిరిగి రాశాడు. "తీసెయ్యండి." తీసేశాం.